వ్రాయని కాగితముపై చేవ్రాలు

మాటకంటె వ్రాత బలమైనదని మన పెద్దలు తలంచిరి. అందుచేతనే అప్పు తీసికొన్నవాడు కాగితము వ్రాసి యిచ్చుటయు, అప్పిచ్చినవాడు దానిని పెట్టెలో భద్రపఱచుకొనుటయు మన గ్రామములందు తరతరములుగా వచ్చుచున్న మర్యాద. కాని వ్రాతకు గల బలము నెఱిగిన మనవారే, ఏ వ్రాతయు లేని కాగితముపై చేవ్రాలు చేసి యొరుల చేతి కిచ్చుటవలన గలుగు ఫలము నెఱుగక యున్నారు. రెవిన్యూ స్టాంపు అంటించి చేవ్రాలు చేసిన ఖాళీ ప్రోనోటులును, మొత్తమును తేదీయు లేని చెక్కులును నేడు అనేకుల బీరువాలలో నిదురించుచున్నవి. అవి మేల్కొనునాడు సంసారములు కూలుచున్నవి. ఈ విషయమున చట్ట మేమి చెప్పుచున్నదో మా పాఠకులకు విన్నవించుట కర్తవ్యమని తలంచుచున్నాము.

కంపెనీ కార్యదర్శి పరీక్షకు చదువు విద్యార్థులకు ఆర్థిక, వాణిజ్య శాసనములు ముఖ్యమైన పాఠ్యవిషయము. 1872 నాటి కాంట్రాక్టు చట్టము, 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్ల చట్టము, 1930 నాటి సరకుల విక్రయ చట్టము, 1932 నాటి భాగస్వామ్య చట్టము మున్నగువానిని వారు సెక్షనుల వారీగా వల్లించుదురు. ఇవి గొప్ప కంపెనీలకును, నగరములలోని వర్తకులకును మాత్రమే సంబంధించినవని సామాన్యులు భావించుట పొరపాటు. ధాన్యమును మిల్లునకు తోలిన రైతు సరకుల విక్రయ చట్టమునకు లోబడినవాడే. కలిసి యెరువుల దుకాణము పెట్టిన యిరువురు స్నేహితులు భాగస్వామ్య చట్టమునకు లోబడినవారే. కూతురి పెండ్లికై నోటు వ్రాసిన తండ్రి 1881 నాటి చట్టమునకు లోబడినవాడే. చట్టము నే నెఱుగనని చెప్పుకొన్నంత మాత్రమున న్యాయస్థానము విడిచిపెట్టదు.

ఆ 1881 నాటి చట్టము 1882 మార్చి 1వ తేదీని అమలులోనికి వచ్చినది. పరప్రభుత్వము ఆంగ్లదేశపు వర్తకన్యాయమును మాదిరిగా గైకొని దానిని నిర్మించినది. అయినను మన వర్తకుల హుండీలను కాదనుటకు దానికి శక్యము కాలేదు. ప్రాచ్యభాషలలో వ్రాసిన పత్రములను గూర్చిన స్థానికాచారములకు ఈ చట్టము భంగము కలిగింపదని మొదటి సెక్షనులోనే చెప్పవలసివచ్చినది. ఋణపత్రములకును, వాని చెలామణికిని మన దేశమున సొంత పద్ధతి గలదని ఆ చట్టమే యొప్పుకొన్నదన్నమాట. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట పార్లమెంటు దానిని పలుమారులు సవరించినది గాని, నేటికిని అమలునందున్నది అదియే.

ఇక ప్రస్తుతాంశమునకు వత్తము. ఒక రైతు విత్తనముల వేళ నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు అప్పు తీసికొనెననుకొందము. వడ్డీ నెలకు 1,000, మూడేండ్లకు 36,000. అప్పు 86,000 అయినది. చేతిలో పైకము లేదు. పాత నోటు చింపి 86,000 లకు క్రొత్త నోటు వ్రాసినారు. మరి మూడేండ్లకు ఆ మొత్తముపై వడ్డీ 61,920 చేరి, బాకీ 1,47,920 అయినది. నోటు తిరుగవ్రాయకయే ఆఱేండ్లును సాధారణపు వడ్డీ లెక్కించినచో 1,22,000 మాత్రమే యగును. తిరుగవ్రాసిన ఒక్క చేవ్రాలు వెల 25,920 రూపాయలు! వడ్డీని అసలులో కలుపు ఈ తంత్రమును మన శాసనకర్త లెఱుగకపోలేదు. 1938లో మద్రాసు రాజధాని శాసనసభ చేసిన వ్యవసాయదారుల ఋణోపశమన చట్టము, నోటు లెన్నిమారులు తిరుగవ్రాయబడినను మొదట చేతికి వచ్చిన పైకమునే అసలుగా లెక్కింపవలయునని విధించినది. 1932 అక్టోబరు 1వ తేదీకి ముందటి అప్పులలో అసలుకు రెట్టింపు చెల్లించినవాని అప్పు తీరినట్లేయని శాసించినది. కోస్తా, రాయలసీమ జిల్లాలలోని పాత కుటుంబములకు ఆ చట్టము చేసిన మేలు సుపరిచితమే.

అయితే పైని చెప్పిన రైతు అంకెలు వేసిన నోటుపై చేవ్రాలు చేసినాడు. అంకెలు వేయని నోటుపై చేవ్రాలు చేసినవాని గతి యేమి? 1881 నాటి చట్టము 20వ సెక్షను ఈ సంగతిని చెప్పుచున్నది. తగిన స్టాంపు గల కాగితముపై చేవ్రాలు చేసి, ఖాళీగానో సగము వ్రాసియో ఒకని కిచ్చినచో, దానిని పూర్తిచేసికొనుటకు అతనికి అధికార మిచ్చినట్లే చట్టము భావించును. ఎంతవఱకు? ఆ స్టాంపు భరించునంత మొత్తము వఱకు. ఇది యొక హద్దువలె గన్పట్టును గాని, నిజమునకు హద్దు కాదు. కోరినప్పుడు చెల్లింపవలసిన ప్రోనోటునకు, మొత్తము వేయి రూపాయలు దాటిన పిమ్మట, లక్ష యైనను కోటి యైనను స్టాంపు సుంక మొక్కటే. అదియు రూపాయికి లోపలనే. కావున ఒక రూపాయి స్టాంపు క్రింద చేసిన చేవ్రాలు ఎంత మొత్తమునైనను మోయగలదు.

అదే సెక్షను ఋణగ్రస్తునకు ఒక రక్షణ కల్పించినది. ఇచ్చినవాడు ఎంత మొత్తమునకై యుద్దేశించి యిచ్చెనో అంతకు మించి అప్పిచ్చినవాడు రాబట్టుకొనరాదు. కాని ఆ నోటు చేతులు మాఱి, తగిన విలువ యిచ్చి, లోపమేదియు నెఱుగక, సక్రమముగా దానిని పొందిన మూడవవాని చేతి కేగినచో, ఆ రక్షణ నిలువదు. అతనికి నోటులో వ్రాసియున్న మొత్తమంతయు చెల్లింపవలసినదే. మనము నమ్మినది ఒకనిని; నోటు పోవునది వేఱొకని కడకు. ఈ భేదమును గుర్తింపక నమ్మకము పేరిట ఖాళీ నోటు లిచ్చువారు, తాము చూడని మనుష్యునకు తమ యాస్తిని తాకట్టు పెట్టుచున్నారు.

చెక్కు విషయము మఱింత కఠినము. నోటు బాకీ సివిలు వ్యవహారము. డిక్రీ వచ్చును, ఆస్తి జప్తు కావచ్చును. చెక్కు చెల్లకుండుట 1989 ఏప్రిలు 1వ తేదీ మొదలు నేరము. 1988 నాటి సవరణచే చేర్చిన 138వ సెక్షను దీనికి ఆధారము. మొదట శిక్ష ఒక సంవత్సరము వఱకే యుండెను. 2002 నాటి సవరణ దానిని రెండు సంవత్సరములు చేసినది. చెక్కు మొత్తమునకు రెట్టింపు వఱకు జరిమానాయు విధింపవచ్చును. 139వ సెక్షను ప్రకారము, చెక్కు బాకీ తీర్చుటకే యిచ్చినదని న్యాయస్థానము మొదటనే భావింపవలయును. కాదని చూపు భారము చెక్కు నిచ్చినవానిపై బడును. మొత్తము వ్రాయని చెక్కునైనను ఏదేని చెల్లింపు నిమిత్తము స్వేచ్ఛగా చేవ్రాలు చేసి యిచ్చినచో ఆ భావనయే వర్తించునని సుప్రీంకోర్టు 2019లో తీర్పు చెప్పినది. "నేను వ్రాయలేదు, అతడే నింపుకొనెను" అను వాదము ఒక్కటే యిక రక్షింపదు.

అట్లని ఋణగ్రస్తుడు పూర్తిగా నిరాయుధుడు కాడు. ఆ భారము సందేహమునకు తావులేకుండ ఋజువు చేయవలసిన భారము కాదు. సంగతు లట్లుండుట సంభావ్యమని చూపిన చాలును. 2019లోనే మఱియొక వ్యాజ్యమున, ఆఱు లక్షలు అప్పిచ్చితినని చెప్పినవాడు అంత పైకమిచ్చు స్తోమత తనకు గలదని చూపలేకపోగా, సుప్రీంకోర్టు నిందితుని విడుదల చేసినది. కావున నోటీసు వచ్చిన వెంటనే జంకి దాగుకొనక, దానిని న్యాయవాదికి చూపి, జవాబు వ్రాయించుట మేలు. నోటీసు నందుకొన్న నాటినుండి 15 దినముల లోపల బాకీ చెల్లించినచో నేరమే లేదు.

ఈ సందర్భమున మన గ్రామాచార మొకటి స్మరింపదగియున్నది. అప్పులో కొంత చెల్లించిననాడు నోటు వెనుక చెల్లు వ్రాయించుట మన పెద్దల పద్ధతి. తేదీ, మొత్తము, చేవ్రాలు మూడును అందుండెడివి. నేటివారు చెక్కు నిచ్చి, తరువాత విడివిడిగా పైకము చెల్లించుచు, ఎక్కడను చెల్లు వ్రాయింపకున్నారు. 2022లో సుప్రీంకోర్టు ఎదుటికి వచ్చిన యొక వ్యాజ్యమున, 20 లక్షల చెక్కు నిచ్చినవాడు దానిని బ్యాంకులో చూపకమునుపే 4 లక్షలకు పైగా చెల్లించియుండెను. ఆ చెల్లింపును చెక్కుపై వ్రాయక పూర్తి మొత్తమునకే చూపినందున, 138వ సెక్షను వర్తింపదని న్యాయస్థానము నిర్ణయించినది. 1881 నాటి చట్టము 56వ సెక్షను చెప్పుచున్నదియు, మన తాతలు నోటు వెనుక వ్రాయించినదియు ఒకే నీతి.

అప్పిచ్చినవారికిని మేము కొన్ని మాటలు చెప్పవలసియున్నది. మా పాఠకులలో అప్పు తీసికొన్నవారు గలరు, అప్పిచ్చినవారును గలరు. న్యాయము ఇరువురికిని కావలయును. స్టాంపు లేని ప్రోనోటును అపరాధరుసుము చెల్లించియైనను సాక్ష్యమున చేర్చుటకు వీలులేదు. కోరినప్పుడు చెల్లించు నోటునకు గడువు, కోరిన నాటినుండి గాక నోటు తేదీనుండియే మూడు సంవత్సరములు. ఆ గడువు లోపల కొంత చెల్లు వ్రాయించి, చెల్లించినవాని చేవ్రాలు తీసికొన్నచో, గడువు మరల మొదలగును. చెల్లును అప్పిచ్చినవాడే వ్రాసికొని, ఎదుటివాని చేవ్రాలు లేకున్నచో అది గడువును పెంచజాలదు. చెక్కు నైనచో తేదీనుండి మూడు నెలల లోపల చూపవలయును. చెల్లలేదని బ్యాంకు తెలిపిన 30 దినముల లోపల నోటీసు పంపవలయును. 15 దినముల గడువు తీరిన పిమ్మట నెల లోపల ఫిర్యాదు చేయవలయును. స్నేహము చెడునని జాగు చేసి, తుదకు పైకమును స్నేహమును రెండును పోగొట్టుకొన్న మంచివారు పలువురు గలరు.

కంపెనీల డైరెక్టర్లుగ చేవ్రాలు చేయువారు 141వ సెక్షనును మఱవరాదు. కంపెనీ చెక్కు చెల్లకున్నచో, కంపెనీతోపాటు దాని వ్యవహారములకు ఆనాడు బాధ్యులై యున్నవారును నేరమునకు లోనగుదురు. డైరెక్టరను పేరు మాత్రముచేతనే యెవడును దోషి కాడని సుప్రీంకోర్టు 2005లో చెప్పినది. కాని చెక్కుపై చేవ్రాలు చేసినవానికి తప్పించుకొను త్రోవ మిక్కిలి యిఱుకు. బంధువు కోరెనని పేరును, చేవ్రాలును అరువిచ్చువారు ఈ సంగతిని గ్రహింతురు గాక.

2019 సంవత్సరాంతమునకు దేశములోని 2 కోట్ల 31 లక్షల క్రిమినలు వ్యాజ్యములలో 35 లక్షలకు పైగా చెక్కు వ్యాజ్యములే యని సుప్రీంకోర్టు స్వయముగా గుర్తించినది. ఇందు మోసగాండ్రును గలరు; మోసపోయినవారును గలరు. శిక్షను పెంచినంత మాత్రమున ఈ రాశి తఱగదని పై సంఖ్యయే చాటుచున్నది. తఱుగవలసినది అజ్ఞానము. ఈ చట్టముల భాష ఆంగ్లము. వానికి లోబడి చేవ్రాలు చేయువారి భాష తెలుగు. ఈ రెంటి నడుమ నిలిచి చెప్పవలసినవారు చదువుకొన్న యువకులు. పరీక్షకై 20వ సెక్షనును వల్లించిన విద్యార్థి, సెలవులలో ఇంటికి వచ్చినప్పుడు తన తండ్రి బీరువాలోని కాగితములను ఒకమారు విప్పి చూచుగాక; పొరుగువానికి ఆ సెక్షను అర్థమును తెలుగున చెప్పుగాక. ఆ చదువునకు అంతకంటె గొప్ప ప్రయోజనము లేదని మా యభిప్రాయము.

మొత్తమును అక్షరములతో వ్రాయక, తేదీ వేయక యే కాగితముపైనను చేవ్రాలు చేయకుడు. పైకము చెల్లించిననాడే చెల్లు వ్రాయించుడు. బాకీ తీఱిననాడే నోటును, చెక్కును తిరిగి పుచ్చుకొనుడు. నమ్మకము మంచిదే, కాని నమ్మదగినవాడు అంకెలు వేసి యిచ్చిన కాగితమును కాదనడు. ఖాళీ కాగితమునే కోరువానిని నమ్ముటకు ముందు, అతడు దానిని ఖాళీగా నేల కోరుచున్నాడో యడిగి తెలిసికొనుట గృహస్థుని ధర్మము.