ముఖ చిత్రణ

ముఖ చిత్రణ అనగా మనిషి ముఖాన్ని, అందులోని కన్ను, ముక్కు, నోరు, చెవి మొదలైన అవయవాలను రేఖలతో గాని, వెలుగునీడలతో గాని కాగితంపై చూపే విద్య. పూలకుండీలు, ఇళ్ళు, కొండల నడుమ సూర్యోదయం గీయడం వచ్చిన తరువాత చిత్రలేఖన విద్యార్థికి ఎదురయ్యే మొదటి గట్టి పరీక్ష ఇదే. చెట్టు కొమ్మ కొంచెం పక్కకు జరిగినా అది చెట్టుగానే ఉంటుంది. కన్ను రెండు మిల్లీమీటర్లు జరిగితే మాత్రం బొమ్మ వేరొక మనిషిది అవుతుంది. అందుచేత పోలిక రావడానికి ఒక్కొక్క అవయవం అందంగా ఉండటం కంటే వాటి మధ్య దూరాలు సరిగా ఉండటం ముఖ్యం.

తెలుగునాట ముఖాన్ని గీసే పద్ధతులు రెండు ఉన్నాయి. కొలతలను, ఆకారాలను ముందే నిర్ణయించుకొని గీసేది సంప్రదాయ పద్ధతి. ఎదుట కూర్చున్న మనిషిని చూస్తూ గీసేది రెండవది. రెండూ సరైనవే. ఒకదానిని అభ్యసిస్తూ రెండవదాని ఫలితం ఆశించడం వల్లనే చాలామంది ప్రారంభకులు నిరుత్సాహపడతారు.

సాధారణంగా జరిగే పొరపాట్లు

కొత్తగా నేర్చుకునేవారు కంటికి కనిపించేది కాక మనసుకు తెలిసినది గీస్తారు. కన్ను అనగానే చేప ఆకారం, నడుమ నల్లని చుక్క. ముక్కు అనగానే ఒక గీత, కింద రెండు రంధ్రాలు. ఇవి అక్షరాల వంటి గుర్తులు మాత్రమే, ఎదుటి మనిషివి కావు. పక్కకు తిరిగిన ముఖానికి కూడా పిల్లలు ఎదురుగా కనిపించే పూర్తి కన్ను గీయడానికి కారణం ఇదే. తోలుబొమ్మలలోను, లేపాక్షి వీరభద్రాలయపు 16వ శతాబ్ది చిత్రాలలోను పక్క ముఖానికి పెద్ద కన్ను కనిపిస్తుంది. అయితే అక్కడ అది పొరపాటు కాదు. దీపపు వెలుగులో తెర వెనుక కదిలే బొమ్మ దూరాన కూర్చున్నవారికి తెలియాలంటే కన్ను స్పష్టంగా ఉండాలి.

రెండవ పొరపాటు కళ్ళను మరీ పైన గీయడం. చూపు ముఖంపైనే నిలుస్తుంది కాబట్టి జుట్టు ఉన్న భాగాన్ని మనసు తక్కువగా అంచనా వేస్తుంది. ఫలితంగా నుదురు కుదించుకుపోయి, తల పైభాగం కోసేసినట్లు కనిపిస్తుంది.

కొలతలు

పెద్దవారి తలలో నడినెత్తి నుండి గడ్డం వరకు గల ఎత్తుకు సరిగ్గా సగంలో కళ్ళు ఉంటాయి. అద్దం ముందు నిలబడి పెన్సిలుతో కొలిచి చూస్తే తప్ప చాలామంది దీనిని నమ్మరు. పసిపిల్లలలో దవడ చిన్నది, కపాలం పెద్దది కనుక కళ్ళు సగానికి దిగువన ఉంటాయి. పెద్దవారి కొలతలతో గీసిన పసిపాప ముఖం మరుగుజ్జు ముఖంలా తోచడానికి కారణం ఇదే.

రెండు కళ్ళ మధ్య దూరం సుమారు ఒక కన్ను వెడల్పు. ముక్కుపుటాల వెడల్పు కూడా దాదాపు అంతే. చెవి కనుబొమల ఎత్తు నుండి ముక్కు అడుగు వరకు ఉంటుంది. పెదవులు కలిసే గీత ముక్కుకు, గడ్డానికి నడిమధ్యన కాక ముక్కుకే దగ్గరగా, దాదాపు మూడవ వంతు దూరంలో ఉంటుంది.

జుట్టు మొదలయ్యే చోటు నుండి కనుబొమల వరకు, అక్కడి నుండి ముక్కు అడుగు వరకు, అక్కడి నుండి గడ్డం వరకు మూడు సమాన భాగాలనే లెక్క చాలా పాతది. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ క్రీ.పూ. 1వ శతాబ్దిలో దీనిని పేర్కొన్నాడు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం ముఖాన్ని 12 అంగుళాల తాళంగా తీసుకొని నుదురు, ముక్కు, గడ్డం భాగాలకు నాలుగేసి అంగుళాలు ఇస్తుంది. ఇక్కడ అంగుళం అంటే స్కేలు మీది అంగుళం కాదు, ఆ బొమ్మకే చెందిన ప్రమాణం. అదే గ్రంథం కళ్ళను విల్లు, చేప, కలువరేకు, తామరరేకు మొదలైన ఐదు ఆకారాలుగా విభజించి, పాత్ర స్వభావాన్ని, స్థితిని బట్టి వాడమంటుంది. అంటే చేప ఆకారపు కన్ను ఒకప్పుడు ఆలోచించి ఎంచుకున్న రూపం. నేటి విద్యార్థి చేతిలో అది అలవాటుగా మారింది.

ఈ కొలతలన్నీ సగటు లెక్కలు. బట్టతల ఉన్నవారికి మూడు భాగాల లెక్క మొదటి గీత దగ్గరే ఆగిపోతుంది! ఎదుటి మనిషి ఈ లెక్క నుండి ఎక్కడ, ఎంత తప్పుకున్నాడో పట్టుకోవడంలోనే పోలిక ఉంది.

అవయవాలు

కన్ను: కనుగుడ్డు గోళం, దానిపై కప్పిన రెప్పలకు మందం ఉంటుంది. ఈ సంగతి మరచినప్పుడు కన్ను కాగితంపై అతికించినట్లు ఉంటుంది. మామూలు చూపులో పైరెప్ప నల్లగుడ్డు పైఅంచును కొద్దిగా కప్పుతుంది. నల్లగుడ్డు వలయం మొత్తం కనిపించేటట్లు గీస్తే ఆ ముఖం బెదిరినట్లు ఉంటుంది. పైరెప్ప వంపులో ఎత్తైన చోటు ముక్కు వైపుకు, కిందిరెప్ప వంపులో లోతైన చోటు చెవి వైపుకు ఉంటాయి. తెల్లగుడ్డును తెల్లగా వదలివేయకూడదు. పైరెప్ప నీడ దానిపై పడుతుంది.

ముక్కు: ఎదురుగా చూసినప్పుడు ముక్కుకు పక్క గీతలు ఉండవు. వెలుగు పడిన తలం, నీడలో ఉన్న తలం మాత్రమే ఉంటాయి. హైదరాబాదు సాలార్ జంగ్ మ్యూజియంలోని ‘వెయిల్డ్ రెబెకా’ పాలరాతి శిల్పం ఈ విషయంలో మంచి పాఠం. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన దీనిని మొదటి సాలార్ జంగ్ 1876లో రోములో కొన్నాడు. రాతి మేలిముసుగు వెనుక ముక్కు, పెదవులు, కళ్ళు అన్నీ తెలుస్తాయి, కాని అక్కడ గీత అంటూ ఏదీ లేదు. ఉన్నది ఎత్తుపల్లాల మీద పడే వెలుగు మాత్రమే.

నోరు: పెదవుల చుట్టూ గీసే గీత కంటే అవి కలిసే గీత ముఖ్యం. వెలుగు పైనుండి పడినప్పుడు పైపెదవి నీడలో, కిందిపెదవి వెలుగులో ఉంటాయి. నవ్వే ముఖంలో పళ్ళ మధ్య గీతలన్నీ గీస్తే వయసు పెరిగినట్లు కనిపిస్తుంది.

చెవి: పక్క ముఖంలో చెవి తల వెడల్పుకు నడిమి గీత దాటి వెనుకగా ఉంటుంది. ప్రారంభకులు దీనిని చెంప మీదికి తెస్తారు.

ముఖం కొంచెం పక్కకు తిరిగినప్పుడు బొట్టు, ముక్కు మొదలు, గడ్డం నడుమ ఒకే వంపు గీతపై పడతాయి. బొట్టు ఉన్న ముఖంలో ఈ మధ్యరేఖను గుర్తించడం సులభం. దూరపు కన్ను ఈ కోణంలో ఇరుకవుతుంది.

అభ్యాసం

బొమ్మను తలకిందులుగా పెట్టి చూసి గీయడం మంచి అభ్యాసం. బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో ప్రచురించిన పుస్తకంతో ఇది ప్రాచుర్యం పొందింది. తలకిందులైన ముఖాన్ని మెదడు సులభంగా గుర్తుపట్టదు కాబట్టి, చేయి గుర్తులను వదిలి గీతలను అనుసరిస్తుంది. పూర్తయిన బొమ్మను అద్దంలో చూసుకుంటే కళ్ళ వాలు, దవడ వంకర వెంటనే బయటపడతాయి.

ఫోటోపై గడులు గీసి పెద్ద కాగితానికి ఎక్కించే గళ్ళ పద్ధతి సినిమా బ్యానర్ చిత్రకారులకు జీవనాధారంగా ఉండేది. తారల ముఖాలను నిలువెత్తు గుడ్డలపై పోలిక చెడకుండా వేసిన ఆ వృత్తి ఫ్లెక్సీ ముద్రణ రాకతో కనుమరుగైంది. గడులు దూరాలను కాపాడతాయి. అయితే గడి లేనిదే గీయలేని అలవాటు కూడా చేస్తాయి కనుక మొదటి ఏడాది వీటిని మితంగా వాడటం మేలు.

బాపు (1933–2014) గీతలను అనుకరిస్తూ నేర్చుకోవడం తెలుగువారిలో సర్వసాధారణం. ‘బాపు బొమ్మ’ అనే మాటే అందమైన అమ్మాయికి పర్యాయమైంది. ఆ పెద్ద కళ్ళు, వాలుజడ అనుకరించడం కష్టం కాదు. ఒకే గీతలో చెంప, గడ్డం, మెడ తిరిగే తీరు పట్టుబడటమే కష్టం. తెలంగాణ స్త్రీలను పెద్ద బొట్టుతో చిత్రించే తోట వైకుంఠం ముఖాలు కూడా ఆయన రూపొందించుకున్న ఒక నమూనాకు చెందినవి. ఇలాంటి బొమ్మలను నకలు చేసినవారికి ఆ శైలి వస్తుంది గాని పక్కింటివారి ముఖం గీయడం రాదు. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) బొంబాయి జె.జె. స్కూలులో ఐరోపా పద్ధతిని అభ్యసించి, తిరిగివచ్చి తెలుగువారి జీవితాన్ని చిత్రించాడు. రాజమండ్రిలో ఆయన పేరిట ఉన్న చిత్రశాలలో ఆ ముఖాలను చూడవచ్చు. హైదరాబాదు పశ్చిమ భాగంలోని పుప్పాలగూడ, మణికొండ ప్రాంతాలవారికి మాదాపూర్‌లోని రాష్ట్ర చిత్రకళా గ్యాలరీ దగ్గర.

పరికరాలుగా హెచ్‌బి, 2బి, 6బి పెన్సిళ్ళు, ఒక రబ్బరు, ఒక అద్దం సరిపోతాయి. కూర్చోవడానికి మనిషి దొరకనప్పుడు సొంత ముఖమే నమూనా. అద్దంలోని ముఖం గీసేటప్పుడు చూపు కాగితానికి, అద్దానికి మధ్య కదులుతుంది కాబట్టి ప్రతిసారి తలను ఒకే స్థానానికి తీసుకురావాలి. అద్దంపై నడినెత్తి, గడ్డం తగిలే చోట్ల సబ్బుతో రెండు చిన్న గుర్తులు పెట్టుకుంటే ఇది తేలిక.