మీకు తెలుసా? నిన్న కెప్టెన్... నేడు కోచ్!

అమెరికాలో హాకీ అంటే మంచు మీద ఆడేదే. మనకు తెలిసిన హాకీని అక్కడ ‘ఫీల్డ్ హాకీ’ అంటారు. అది ఎక్కువగా అమ్మాయిల ఆట. అందులో మకుటం లేని మహారాణి నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ జట్టు ‘టార్ హీల్స్’.

● ఈ ఆటను అమెరికా కళాశాలలకు పరిచయం చేసింది ఇంగ్లండ్ వనిత కాన్‌స్టెన్స్ ఆపిల్‌బీ. 1901లో హార్వర్డ్ వేసవి శిక్షణ తరగతుల్లో తొలిసారి ఆడి చూపించారు. ఆమె 107 ఏళ్లు జీవించారు.

● అమెరికా విశ్వవిద్యాలయాల జాతీయ పోటీల్లో మహిళల హాకీ 1981లో చేరింది. తొలి విజేత కనెక్టికట్. టార్ హీల్స్‌కు తొలి టైటిల్ 1989లో దక్కింది. 2023 నాటికి వాటి సంఖ్య 11.

● వీటిలో పది, కోచ్ కేరెన్ షెల్టన్ హయాంలో వచ్చినవే. 1981 నుంచి 2022 దాకా, ఏకంగా 42 సీజన్లు జట్టును నడిపించారామె. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంస్యం నెగ్గిన అమెరికా జట్టులో ఆమె సభ్యురాలు. ఇప్పుడు టార్ హీల్స్ సొంత మైదానానికి ఆమె పేరే ఉంది.

● 2022 ఫైనల్లో విజయ గోల్ కొట్టిన కెప్టెన్ ఎరిన్ మాట్సన్, రెండు నెలలు తిరిగాక అదే జట్టుకు కోచ్ అయ్యారు. అప్పటికి వయసు 22 ఏళ్లే! నిన్నటిదాకా పక్కన ఆడిన స్నేహితురాళ్లకే శిక్షణనిచ్చి, 2023లో మళ్లీ కప్పు గెలిపించారు. ఆ ఫైనల్ జరిగింది కూడా షెల్టన్ పేరిట ఉన్న మైదానంలోనే.