ఎనిమిదవ తరగతి దాటిన పిమ్మట

సోదర నేతపనివారలారా,

2009 నాటి విద్యాహక్కు చట్టము ఆరు మొదలు పదునాలుగేండ్ల పిల్లలకు, ఎనిమిదవ తరగతి వరకే, ఉచిత విద్య నిచ్చినది. ఇచ్చట మహారాష్ట్రములో మధ్యాహ్న భోజనమును ఎనిమిదితోనే ఆగును. తొమ్మిదిలో పుస్తకములు, బట్టలు, బస్సు ఛార్జీల భారము మనదే. షోలాపురపు మన పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో మరాఠీ. పాఠము రెండింతల శ్రమ.

గత జూనులో మా సభ్యుని కుమార్తె, చక్కగా చదువుచుండియు, బడి మాని కండెలు చుట్టుటకు కూర్చున్నది. "కండెల కూలి ఎవరిస్తారు కార్యదర్శిగారూ?" అని తండ్రి అడిగెను. పదవ తరగతితో ఆగిపోయిన నేను జవాబు చెప్పలేకపోతిని.

జూనులో పుస్తకములకు వడ్డీలేని అడ్వాన్సు ఇచ్చి, మజూరీలో కొద్దికొద్దిగా మినహాయించుకొనవలెనని సర్వసభ్య సమావేశమున తీర్మానము పెట్టుచున్నాను. కూలి ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదు. మిగిలిన జవాబు మీరే చెప్పవలెను. తప్పక రండు.