ఆశ్రయమా, స్థలమా? - కృష్ణా డెల్టాలో ఇల్లు లేనివాళ్ళ ప్రశ్న

బందరు రైల్వే స్టేషన్లో పడుకునే ముసలాయన్ని చూపించి 'ఇల్లు లేనివాడు' అంటే అందరూ ఒప్పుకుంటారు. దివిసీమలో కాలవ గట్టు మీద తాటాకు పాకేసుకుని బతికే కూలి కుటుంబాన్ని అలా అంటే మాత్రం 'పాక ఉందిగా' అంటారు. జనాభా లెక్కల నిర్వచనమూ అంతే. ఆరుబయట, రోడ్డు పక్కన, ప్లాట్‌ఫారాల మీద, గుడి మండపాల్లో ఉండేవాళ్ళే ఇల్లు లేనివాళ్ళు. గట్టు మీది పాక ఇల్లుగానే లెక్కకొస్తుంది. అదే కుటుంబం ఇంటి లోనుకి పోతే, గట్టు అభ్యంతరకర పోరంబోకు గనక పట్టా రాదు. పట్టా లేదు గనక ఇల్లు రాదు. ఒక ఆఫీసుకి వీళ్ళు ఇల్లున్నవాళ్ళు, ఇంకో ఆఫీసుకి అడగడానికే అర్హత లేనివాళ్ళు. చర్చ ఇక్కణ్ణించి మొదలు కావాలని మేం అనుకుంటున్నాం.

డెల్టాలో మెరక అంటే ప్రాణం. పల్లంలో వరి, మెరక మీద ఊరు. ఊళ్ళో చోటు దొరకనివాడికి మిగిలే మెరక కాలవ గట్టే. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్కే దాదాపు 10 వేలు. తుపానుకి కులం లేదంటారు. గాలికి లేదు, నిజమే. డాబా ఎవరిది, తాటాకు పాక ఎవరిది అన్నదానికి ఉంది. ఆ తర్వాత ప్రభుత్వమూ స్వచ్ఛంద సంస్థలూ కాలనీలు కట్టాయి, తుపాను షెల్టర్లు లేపాయి. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వచ్చింది. ఇవి చిన్న పనులేం కావు. కానీ కాలనీ ఏ దిక్కున కట్టాలో మాలపల్లినీ మాదిగపల్లినీ ఎవరడిగారు?

పట్టణాల సంగతి వేరు. 2013 నాటి జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ప్రకారం లక్ష పట్టణ జనాభాకి కనీసం 100 మందికి సరిపడే ఆశ్రయాలుండాలన్నారు. 2011 లెక్కల్లో బందరు జనాభా సుమారు 1.7 లక్షలు, గుడివాడ 1.18 లక్షలు. దివిసీమ పల్లెలు ఆ పథకంలోకే రాలేదు. ఒంటరి ముసలివాళ్ళకీ, రిక్షా కార్మికులకీ, ఇంట్లోంచి గెంటేసిన ఆడవాళ్ళకీ ఆశ్రయం కావలసిందే. పిల్లాజెల్లా ఉన్న కుటుంబాన్ని దుప్పటిచ్చి అందులో పడుకోమంటే అది సాయం కాదు. పండక్కి అన్నం పొట్లాలు పంచి ఫొటోలు దిగేవాళ్ళ గురించి చెప్పేదేముంది.

కుటుంబానికి కావలసింది స్థలం. 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇళ్ళ స్థలాలకి భూమి సేకరిస్తుంటే భూస్వాములు అడ్డం తిరిగారు. నివాసం జీవించే హక్కులో భాగమనీ, నివాసమంటే నెత్తిన కప్పు మాత్రమే కాదనీ, గాలీ వెలుతురూ నీళ్ళూ మరుగూ రోడ్డూ కూడాననీ కోర్టు అంది. మన ఉద్యమాలు ఈ తీర్పుని వాడుకోవలసినంత వాడుకోలేదని మా అభిప్రాయం.

2020 డిసెంబరు 25 నుంచి ఆడవాళ్ళ పేరున పట్టాలిచ్చారు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. సెంటంటే 48.4 గజాలు. అందులో గేదెని ఎక్కడ కడతారు? వల ఎక్కడ ఆరేస్తారు? పైగా పల్లపు చేలో ఇస్తే మెరక తోలించుకోవడానికే అప్పు చెయ్యాలి. 2023లో గుడివాడ దగ్గర మల్లాయపాలెంలో 8,912 టిడ్కో ఫ్లాట్లు ప్రారంభించారు. పట్నంలో పనిచేసుకునేవాళ్ళకి అవి పనికొస్తాయి. మేకలున్న కూలికి మేడ మెట్లెందుకు?

అందుకే మేం అడిగేవి ఇవి. స్థలం పాత ఊరికి ఆనుకునే సేకరించాలి. మెరక తోలాకే పట్టా ఇవ్వాలి. గట్టు మీది పాకలు తియ్యాలంటే ముందు స్థలం చూపించాలి. ఆశ్రయ కేంద్రం కమిటీలో అక్కడ పడుకునేవాళ్ళకీ చోటుండాలి. వంట ఎవరు చేస్తారో, బంతిలో ఎవరి పక్కన ఎవరు కూచుంటారో మొదటి రోజే తేల్చాలి.