టమాటా తెగుళ్ళ తెలుగు పేర్లు - పెరటితోటలో రోగనిర్ధారణ

వ్యాససంగ్రహం:
వ్యవసాయ తెలుగులో స్థిరపడిన టమాటా తెగుళ్ళ పేర్లు ఎక్కువగా కంటికి కనిపించే లక్షణాన్ని చెబుతాయి. నివారణ మాత్రం కారకాన్ని బట్టి మారుతుంది. ఈ వ్యత్యాసాన్ని పెరటిమొక్కల సందర్భంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తెగులు, వడలు, ఆకుముడత, ఆకుమాడు, కుళ్ళు.

1. ఉపోద్ఘాతం:
'తెగులు' అనే మాట పూర్వం మనుషుల రోగానికీ వాడుకలో ఉండేది. నేడు ప్రధానంగా పైరుకు పరిమితమైంది. దీనికి లక్షణవాచకం చేరి వడలు తెగులు, ఆకుమాడు తెగులు వంటి సమాసాలు ఏర్పడ్డాయి. మొక్కను చూసినవారెవరైనా గుర్తించగలగడం ఈ పేర్ల బలం. ఒకే లక్షణానికి పలు కారకాలు ఉన్నచోట ఆ బలమే పరిమితి అవుతుంది.

2. వడలు:
నీరు చాలక వడలిన మొక్క నీరు పోస్తే తేరుకుంటుంది. తెగులు సోకినది తేరుకోదు. ఈ తెగులుకు ఫ్యుజేరియం అనే శిలీంధ్రం గాని, రాల్‌స్టోనియా అనే బాక్టీరియా గాని కారణం కావచ్చు. మొదటిదానిలో కింది ఆకులు, తరచుగా ఒకవైపువి, ముందుగా పసుపుబారుతాయి. రెండవదానిలో ఆకులు పచ్చగా ఉండగానే మొక్క వాలిపోతుంది. కాండాన్ని మొదట్లో కోసి, కోసిన కొనను గాజుగ్లాసులోని నీటిలో ముంచి ఉంచితే పాలవంటి సన్నని ధార దిగడం బాక్టీరియాకు గుర్తు. రెండు సందర్భాల్లోనూ మొక్కను వేళ్ళతో సహా తొలగించవలసిందే. తేడా తరువాతి పంటలో ఉంది. టమాటాను వడలించే ఫ్యుజేరియం రకం వంగ, మిరపలను సాధారణంగా ఆశించదు. రాల్‌స్టోనియా వాటినీ ఆశిస్తుంది. కనుక ఆ మట్టిలో ఈ కుటుంబపు మొక్కలేవీ వేయరాదు.

3. ఆకుముడత:
తీవ్రమైన ఎండకు ఆకులు పైకి చుట్టుకున్నా మొక్క ఎదుగుదల ఆగదు. ఆకులు చిన్నవై, అంచులు పసుపుబారి, మొక్క గిడసబారితే అది తెల్లదోమ వ్యాపింపజేసే వైరస్. దీనికి మందు లేదు. రోగపు మొక్కను తొలగించి, మిగిలినవాటి దగ్గర పసుపురంగు జిగురు అట్టలు కట్టాలి.

4. ఆకుమాడు, కుళ్ళు:
ముదురు ఆకులపై వలయాలున్న గోధుమరంగు మచ్చలు ఆకుమాడు తెగులుకు గుర్తు. ఆ ఆకులు తుంచి, ఆకులు తడవకుండా మొదట్లోనే నీరు పోయాలి. ఉధృతి ఎక్కువైతే లీటరు నీటికి 2.5 గ్రాముల మాంకోజెబ్ కలిపి పిచికారీ చేసి, ప్యాకెట్టుపై సూచించిన గడువు దాటాకే కాయలు కోయాలి. కాయ అడుగున నల్లబడే కుళ్ళుకు మాత్రం ఏ సూక్ష్మజీవీ మూలం కాదు. నీరు ఒకనాడు ఎక్కువ, ఒకనాడు తక్కువ కావడం వల్ల కాయకు కాల్షియం అందకపోవడమే తరచుగా దీనికి హేతువు. దీనికి శిలీంధ్రనాశిని చల్లడం వృథా.

5. ముగింపు:
లక్షణవాచక నామాలు పరిశీలనకు తొలిమెట్టు. వాటిని విడిచిపెట్టనవసరం లేదు. 'శిలీంధ్రపు వడలు', 'బాక్టీరియా వడలు' అని కారకాన్ని జోడించి వాడితే పేరులోనే నివారణకు దారి దొరుకుతుంది. పదకోశ నిర్మాతలు, వ్యవసాయ రచయితలు ఈ జోడింపును పాటించడం అవసరం.