వీడియో చివర్లో మాట, పెదాలు కలవట్లేదా? ఇలా సరిచేయండి
మా తాతయ్య కబుర్లను గంటసేపు ఫోన్‌లో వీడియోగా, విడిగా వాయిస్ రికార్డర్‌లో ఆడియోగా తీశాను. మొదట్లో రెండూ సరిగ్గా కలిశాయి. చివరికొచ్చేసరికి పెదాల కంటే మాట 0.18 సెకను ఆలస్యం!

కారణం, ఒక్కో పరికరంలో ఒక్కో క్వార్ట్జ్ క్రిస్టల్. రెండింట్లోనూ 48,000 హెర్ట్జ్ అనే ఉన్నా, వేగం అచ్చంగా ఒకటి కాదు. పది లక్షలకు 50 వంతుల తేడా ఉన్నా చాలు, గంటకి ఇంత జారుతుంది.

ఆడియోని వెనక్కి జరిపితే చివర కలుస్తుంది, మొదలు చెడుతుంది. అందుకే ఆడాసిటీలో 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్' తెరిచి, నిడివి 0.18 సెకను తగ్గించాను. 0.005 శాతం మార్పు, చెవికి తెలియనే తెలియదు.

తాతయ్య ఇప్పుడు లేరు, మళ్లీ తీసే వీల్లేదు. మీరైతే రికార్డింగ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి చప్పట్లు కొట్టండి. తేడా కొలవడం తేలిక.