ఓఆర్ఎస్ చిక్కగా కలిపితే ఏమవుతుంది?

విరేచనాలతో బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని "ఓఆర్ఎస్ ఎలా కలిపారమ్మా?" అని మేము తప్పక అడుగుతాము. "పెద్ద ప్యాకెట్టంతా ఒక గ్లాసులో కలిపి పట్టానండి, చిక్కగా ఉంటే తొందరగా తేరుకుంటాడని" అని కొందరు చెబుతారు. ప్రేమతో చేసిన పనే గాని, బిడ్డకు అది ప్రమాదం. ఎందుకో చూద్దాము.

మాగాయకు మామిడి ముక్కల్లో ఉప్పు కలిపి ఉంచితే మర్నాటికి ఊట దిగుతుంది. ఆ నీళ్లు మనం పోసినవి కావు, ముక్కల్లోంచి వచ్చినవే. ఎండుద్రాక్షను మంచినీళ్లలో నానబెడితే ఉబ్బుతుంది. రెండింటికీ కారణం ఒక్కటే. పలుచటి పొరకు రెండు వైపులా ద్రవాలు ఉంటే, నీరు పలుచన వైపు నుండి చిక్కని వైపుకు వెళుతుంది. దీనినే ద్రవాభిసరణ అంటారు.

మన శరీరంలోని కణాలకూ అలాంటి పొరే ఉంది. ఎర్ర రక్తకణాలను ఉత్త నీటిలో వేస్తే ఉబ్బి పగిలిపోతాయి. చిక్కటి ఉప్పునీటిలో వేస్తే ముడుచుకుపోతాయి. లీటరుకు 9 గ్రాముల ఉప్పు ఉన్న సెలైన్‌లో మాత్రం మామూలుగా ఉంటాయి. అందుకే నరానికి ఉత్త నీళ్లు ఎక్కించరు.

ఓఆర్ఎస్ చిక్కనైతే ఒంట్లోని నీటిని పేగులోకి లాగుతుంది, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. రక్తంలో ఉప్పు ఎక్కువై మెదడు కణాలు ముడుచుకుంటాయి, ఫిట్స్ రావచ్చు. అలాగని ఉత్త నీళ్లే పడుతూ ఉంటే ఉప్పు తగ్గిపోయి మెదడు కణాలు ఉబ్బుతాయి. అదీ ప్రమాదమే.

సరిగా కలిపిన ఓఆర్ఎస్‌లో గ్లూకోజు, ఉప్పు కలిసి పేగు గోడ గుండా లోపలికి పోతాయి, వాటి వెంట నీరు పోతుంది. పాత ఓఆర్ఎస్ గాఢత లీటరుకు 311 మిల్లీఆస్మోల్స్ ఉండేది. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ దానిని 245కు తగ్గించాయి. పలుచన చేస్తేనే విరేచనాలు, వాంతులు తగ్గినట్లు తేలింది.

గుర్తుంచుకోండి:

1. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లని రాసి ఉందో చదవండి. పెద్దది 1 లీటరుకు, చిన్నది 200 మి.లీ.కు ఉంటుంది. చదవడం రాకపోతే మందుల షాపులో అడగండి.

2. కాచి చల్లార్చిన నీటిలో ప్యాకెట్టు మొత్తం ఒకేసారి కలపండి. పంచదార, ఉప్పు, పాలు కలపవద్దు.

3. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు 50 నుండి 100 మి.లీ., రెండేళ్లు దాటితే 100 నుండి 200 మి.లీ. కొంచెం కొంచెంగా పట్టండి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టండి.

4. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

5. తల్లిపాలు ఆపవద్దు. కూల్‌డ్రింకులు, డబ్బా జ్యూసులు ఓఆర్ఎస్‌కు బదులు కావు. వాటిలోని చక్కెర కూడా నీటిని పేగులోకి లాగుతుంది.

బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, కళ్లు లోతుకు పోయినా, మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఇంట్లో ఏమి పట్టారో, ఎలా కలిపారో దాచకుండా చెప్పండి. మేము కోప్పడము. ఏ సెలైన్ ఎంత వేగంగా ఎక్కించాలో డాక్టరుగారు నిర్ణయించడానికి ఆ మాట ఎంతో అవసరం.